హాల్లో మేమూ ఉన్నాం

సినిమా చూసే కళ్లకు మతం ఉంటుందా అని అడిగితే ఉండదనే అంటారు అందరూ. మేమూ అలాగే అంటాం. టిక్కెట్టు మీద సీటు నంబరు ఉంటుంది, మజహబ్ ఉండదు. దీపాలు ఆరాక పక్కన కూచున్నది ఎవరో తెలీదు. ఈ దేశంలో మేమూ మీరూ ఒకేచోట కూచుని, ఒకే మాటకు నవ్వి, ఒకే మాటకు కళ్లు తుడుచుకునే జాగాలు ఎన్ని మిగిలాయో లెక్కపెడితే సినిమాహాలు ముందు వరసలో ఉంటుంది. మొహల్లాలు విడిపోయాయి, అద్దె ఇళ్లు విడిపోయాయి, బడులు కూడా విడిపోతున్నాయి. హాలు ఇంకా విడిపోలేదు. అందుకే కళ్ల గురించి మాకు పేచీ లేదు. మా పేచీ చెవులది. చెవికి ఇంటిభాష ఉంటుంది. చీకట్లో కూడా అది తన పేరు మరచిపోదు.

2019 ఏప్రిల్ 26న 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' మన దేశంలో విడుదలైంది. 2008లో 'ఐరన్ మ్యాన్'తో మొదలైన వరసలో అది 22వ సినిమా. పదకొండేళ్లు విడివిడిగా తిరిగిన వీరులంతా ఒక్కచోట చేరే ఘట్టం చివర్లో ఉంటుంది. కెప్టెన్ అమెరికా విరిగిన డాలు పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఎదురుగా కనుచూపు మేర థానోస్ సైన్యం. వెనకనుంచి ఎవరిదో గొంతు వినిపిస్తుంది. గుండ్రటి వెలుగు ద్వారం ఒకటి తెరుచుకుంటుంది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. బూడిదైపోయారనుకున్న వాళ్లంతా నడిచొస్తారు. మేం చూసిన హాల్లో ఆ కాసేపు తెరమీది మాట ఒక్కటీ వినపడలేదు. ఈలలు, కేకలు, సీట్లెక్కి నిలబడ్డ కుర్రాళ్లు. ఒక్కో ముఖానికి ఒక్కో కేక. మా ఇంటి పిల్లలు మెడనరాలు తేలేటట్టు అరిచారు. మేమూ అరిచాం. నలభై దాటిన జర్నలిస్టులం కదా, చుట్టుపక్కల తెలిసినవాళ్లు ఎవరూ లేరని చూసుకుని మరీ అరిచాం.

ఇలాంటి సినిమాలను మన మేధావి మిత్రులు ఒక్క మాటలో తీసిపారేస్తారు. సామ్రాజ్యవాదం అంటారు, మార్కెట్ అంటారు, పిల్లల ఆట అంటారు. మూడూ నిజమే. కాని ఆ కాసేపు హాలంతా ఎందుకు లేచి నిలబడిందో చెప్పకుండా తీసిపారేస్తే అది విమర్శ కాదు, విసుగు మాత్రమే. మాకు తోచింది చెప్తాం. అది కథ ఇచ్చిన ఆనందం కాదు, కూడిక ఇచ్చిన ఆనందం. ఎవరూ మిగిలిపోకుండా అందరూ వచ్చేశారన్న సంతోషం. పెళ్లి పందిట్లో అలిగి వెళ్లిన బాబాయి కూడా చివరి నిమిషంలో గుమ్మంలో కనపడితే ఇంటిల్లిపాదికీ కలిగే సంతోషం. ఆ గుంపులో ఒక దేవుడున్నాడు, ఒక మాంత్రికుడున్నాడు, బడి చదువు పూర్తికాని పిల్లవాడున్నాడు. మాట్లాడే అడవి జంతువుంది. ఒకే ఒక్క వాక్యం తప్ప ఇంకేదీ పలకలేని చెట్టు ఉంది. ఆ చెట్టు ఒక్క వాక్యానికీ తోటివాళ్లు వేరువేరు అర్థాలు తెలుసుకుని జవాబు చెప్తారు. చెట్టు మాటకు అంత మర్యాద!

గుంపుగా వచ్చే వీరులు మాకు అమెరికా నుంచి దిగుమతి కాలేదు. తెలుగు ఊళ్లకు భారతం ఎలాగో ఉర్దూ ఇళ్లకు అమీర్ హమ్జా దాస్తాన్ అలాగ. అక్బరు పాదుషా దానికి దాదాపు 1400 బొమ్మలు వేయించాడు. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు దాన్ని 46 పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది. అచ్చువేయించిన మున్షీ నవల్ కిషోర్ హిందువు. అందులో హమ్జా ఒక్కడే వీరుడు కాదు, కొడుకులు, మనవలు, మిత్రులు, శత్రువులుగా ఉండి మిత్రులైనవాళ్లు, ఒక సైన్యం ఉంది. అందరిలోకీ మా పిల్లలకు ఇష్టుడు అమర్ అయ్యార్. బక్కపలచని మనిషి, పిసినారి, మహా టక్కరి. వాడి సంచి పేరు జంబీల్, దాంట్లో ఊళ్లకు ఊళ్లు పడతాయి. మార్వెల్ రచయితలు మా అమర్ అయ్యార్‌ను చూసి ఉంటే వాడికి నాలుగు సినిమాలైనా రాసి ఉండేవాళ్లు.

దాస్తాన్‌ను పొగిడి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. హమ్జా సైన్యానికి ఎదురు నిలిచేది జాదూగర్లు. ఓడిన జాదూగర్‌కు చాలాసార్లు రెండే దారులు: దీన్ ఒప్పుకోవడం, లేదంటే తల తెగడం. మసీదు మెట్లమీదా, నవాబుల దివాన్‌ఖానాల్లోనూ విన్నవాళ్లు వాహ్వా అన్నారు. ఆ జాదూగర్‌కు ఇల్లుందా, వాడి తల్లి ఏ భాషలో వాణ్ని నిద్రపుచ్చింది అని అడిగినవాళ్లు లేరు. రాక్షసుల సంగతి పురాణాలను ఇలాగే నిలదీశారు దళితులు, ఆదివాసీలు. కనుక ఎదుటివాడు లేని వీరగాథ ఎక్కడా లేదు. తెరమీది ఎదుటివాడు మా పోలికలో ఎందుకున్నాడని మేం అడగడంలేదు. మా ప్రశ్న ఇంకొకటి. దానికోసం 2008కి వెళ్లాలి.

'ఐరన్ మ్యాన్' మొదట్లోనే ఒక గుహ ఉంది. అఫ్గానిస్తాన్‌లో ఆయుధాల వ్యాపారి టోనీ స్టార్క్‌ను ఒక ముఠా ఎత్తుకుపోతుంది. అతన్ని కుర్చీలో కూలేసి, వెనక తుపాకులతో నిలబడి వీడియో తీస్తారు. వాళ్లలో ఒకడు గట్టిగా ఏదో చదువుతాడు. తెరమీద సబ్‌టైటిల్ రాదు. అమెరికాలో చూసినవాళ్లకు అది భయపెట్టే రొద. మాకు మాత్రం అది ఉర్దూ. సాఫ్ సీదా ఉర్దూ. మమ్మల్ని చంపమని డబ్బిచ్చినప్పుడు ఆ మనిషి ఇంత పేరుమోసిన టోనీ స్టార్క్ అని మీరు చెప్పలేదు, ఇక బేరం మారుతుంది అని వాడు ఎవరికో కబురు పెడుతున్నాడు. అంటే స్టార్క్‌ను చంపించాలనుకున్నది ముఠా కాదు, ముఠాకు డబ్బు కట్టిన ఇంకెవరో. ఈ రహస్యం సినిమాలో సగం పైగా గడిచాక, స్టార్క్ దగ్గర పనిచేసే పెప్పర్ కంప్యూటర్‌తో తర్జుమా చేయించుకున్నాక గానీ మిగతా లోకానికి తెలియదు. మాకు మొదటి నిమిషాల్లోనే తెలిసిపోయింది.

హైదరాబాద్‌లో ఆ ముక్క ఒక్క ముస్లింలకే అర్థమైందనుకుంటే పొరపాటు. హిందీ తెలిసిన ప్రతివాడికీ అర్థమైంది. యాదవుల కుర్రాడికీ, మార్వాడీ సేటుకీ, కోఠీలో పెరిగిన బ్రాహ్మల అమ్మాయికీ అర్థమైంది. ఆ నిమిషం హాల్లో హిందూ ముస్లిం తేడా లేదు. మాట తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, అంతే తేడా. ఈ నగరం మీద మాకున్న ప్రేమకు కారణం అలాంటి నిమిషాలే.

ఇప్పుడు అసలు సంగతి. సినిమా తీసినవాళ్లు కథలోని గుట్టును ఒక పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం మా భాష. తాళం వేసేవాడు ఏమనుకుంటాడు? చెవి ఉన్నవాడెవడూ, మన్నించాలి, తాళంచెవి ఉన్నవాడెవడూ ఈ గదిలో లేడనుకుంటాడు. ప్రపంచంలో కోట్లమందికి తెలిసిన భాషను తీసుకుని, అది తెలిసినవాళ్లు టిక్కెట్టు కొనరని అనుకున్నారు. మమ్మల్ని విలన్లుగా చూపించడం ఒక అవమానం. దానికి మేం అలవాటుపడ్డాం, జవాబులు కూడా తయారుగా ఉన్నాయి. హాల్లో మేం లేమనుకోవడం ఇంకో రకం అవమానం. ఇది ఇంకా లోతుగా తగులుతుంది. విలన్ అనుకున్నవాడితో కనీసం యుద్ధమైనా చేస్తారు. వినేవాడు లేడనుకుంటే ఆ మనిషి గురించి ఏమైనా అనొచ్చు, ఎలాగైనా అనొచ్చు.

గుహ నాయకుడు రజా వేషం వేసిన నటుడు ఫరాన్ తాహిర్. లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు, లాహోర్ నాటక కుటుంబం. అతని తల్లి తండ్రి, అంటే నానా, ఇంతియాజ్ అలీ తాజ్. 1922లో 'అనార్కలి' నాటకం రాసినవాడు. ఆ నాటకమే 1960లో 'మొఘల్-ఎ-ఆజమ్'కు మూలం. మన తెలుగులో 1955లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'అనార్కలి' కూడా ఆ కథే. తెలుగు పల్లెల్లో సలీం పేరు చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్న అమ్మలు, అవ్వలు ఎంతమందో! తాత రాసిన ఉర్దూ మూడు దేశాలను ఏడిపించింది. మనవడి గుహలో ఆ ఉర్దూ రొద. అక్కడ నాయకుడికి నిజంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది, చెంఘిజ్ ఖాన్ గురించీ, ఆయుధం ఎవరి చేతిలో ఉంటే లోకం వాడిదవడం గురించీ. ఆ మాటకు మటుకు అతను ఇంగ్లీషులోకి మారతాడు. తలకాయ ఉన్న మాట ఇంగ్లీషులో, కేకలు మా భాషలో!

అంతదూరం ఎందుకు? తెలుగు సినిమాలో సాయిబు ఎలా మాట్లాడతాడో చూడండి. ఆడదాన్ని 'వచ్చాడు' అంటాడు, మగాణ్ని 'వచ్చింది' అంటాడు, 'నీకీ మాకీ' అంటాడు. హాలు నవ్వుతుంది. దూదేకుల ఇళ్లలో పుట్టినప్పటినుంచీ తెలుగే. గుంటూరు, కర్నూలు, నల్లగొండ పల్లెల్లో తెలుగు తప్ప వేరే భాష సరిగా రాని ముస్లిం కుటుంబాలున్నాయి. మా వృత్తిలో రోజుకు వెయ్యి తెలుగు మాటలు రాసేవాళ్లం మేం. ఆ వంకర తెలుగు రాసిన సంభాషణల రచయితకు మామీద కోపం ఉండి రాయలేదు. తెలుగు వచ్చిన సాయిబు నేలక్లాసులో కూచుని వింటున్నాడన్న ఊహ అతనికి రాలేదు, అంతే. గుహలో తాళమూ, ఇక్కడి నవ్వూ ఒకే ఇంట్లో పుట్టాయి.

అర్థం కాని భాష తెరమీద వినపడటమే తప్పు అంటున్నామా? కాదు. 'ఎండ్‌గేమ్'లో ఆ వెలుగు ద్వారాల గుండా ముందుగా వచ్చేవాళ్లలో వకాండా సైన్యం ఉంది. వాళ్ల రాజు తన భాషలో 'యిబాంబే' అని కేకవేస్తాడు, సైన్యం అదే కేకతో బదులిస్తుంది. అది దక్షిణాఫ్రికాలోని షోసా భాష, నెల్సన్ మండేలా మాతృభాష. 2016 నాటి సినిమాలో రాజు తండ్రిగా వేసిన జాన్ కానీ అనే దక్షిణాఫ్రికా నటుడు తన భాష పలకడంతో వకాండాకు ఆ భాష స్థిరపడింది. మా హాల్లో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు. అయినా కుర్రాళ్లు గొంతు కలిపారు. బయటికొచ్చాక మెట్లమీద కూడా అరుచుకుంటూ దిగారు. అదీ రొదే, ఇదీ రొదే, ఒకదానికి రోమాలు లేచాయి, ఇంకోదానికి ఒళ్లు జలదరించింది. భాషలో ఏ తేడా లేదు. దాన్ని ఏ గుమ్మంలో నిలబెట్టారన్నదే తేడా.

అయితే మీకూ ఒక వీరుణ్ని ఇస్తే సరిపోతుందా అని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. ఇచ్చారు కూడా. కమలా ఖాన్, అమెరికాలో జెర్సీ సిటీలో పాకిస్తానీ ఇంటి పిల్ల. 2014లో సొంతంగా కామిక్ పుస్తకం వచ్చింది, 2022లో సీరియల్ వచ్చింది, 2023 నవంబర్‌లో 'ద మార్వెల్స్' సినిమాలో మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి లోకాన్ని రక్షించింది. ఆ పాత్ర వేసిన ఇమాన్ వెల్లానీ కరాచీలో పుట్టింది. అప్పటిదాకా ఆ వరసలో వచ్చిన సినిమాలన్నిట్లోకీ దానికే తక్కువ డబ్బులొచ్చాయి. డబ్బు సంగతి అలా ఉంచండి. అందులో మాకు నచ్చింది ఆ పిల్ల ఎగరడం, దూకడం కాదు. ఆ పిల్లకు అమ్మీ, అబ్బూ, అన్నయ్య ఉన్నారు. కూతురు అంతరిక్షంలోకి పోతే వాళ్లూ పోతారు. ఆ అమ్మీ కూతురి మీద పడే బెంగ, దాని వెనకే వచ్చే కసురు మా వంటిళ్లలో రోజూ వినేదే. లోకం మునిగిపోతున్నా కసరడం మానని తల్లి! ఆ పాత్ర రాసినవాళ్లకు ఒక ఊహ ఉంది: ఇలాంటి ఇల్లు తెలిసినవాళ్లు హాల్లో ఉంటారు అని. మాకు కావలసింది పెద్ద వీరుడు కాదు, ఆ చిన్న ఊహ.

ఎందుకంటే ఆ ఊహ ఉంటే విలన్‌కు కూడా మర్యాద దక్కుతుంది. 'ఇన్ఫినిటీ వార్' 2018 ఏప్రిల్ 27న విడుదలైంది. తెలుగు డబ్బింగ్‌లో థానోస్‌కు గొంతు ఇచ్చింది రానా దగ్గుబాటి, భల్లాలదేవుడు. ఆ గొంతు వినగానే హాలు ఈల వేసింది. లోకంలో సగంమందిని చంపడానికి వచ్చినవాడికి ఈల! మన గొంతు కదా మరి. ఆ థానోస్‌కు ఒక వాదం ఉంది, ఒక గతం ఉంది. మా గ్రహంలో నోళ్లు ఎక్కువై తిండి చాలలేదు, చీటీ వేసి సగంమందిని తీసేద్దామంటే పిచ్చివాడన్నారు, గ్రహమే నాశనమైంది అంటాడు. పెంచిన కూతుర్ని కొండమీదనుంచి తోసేస్తూ ఏడుస్తాడు. పని పూర్తయ్యాక అలసిన రైతులా గుడిసె గుమ్మంలో కూచుని పొద్దును చూస్తాడు. గుహలోవాళ్లు చంపింది ఎందరినో గాని థానోస్ లెక్కలో అదెంత? వాళ్లలో ఒక్కడికైనా కూతురుందో లేదో మాకు ఇప్పటికీ తెలీదు.

ఆ వాదం మాటకొస్తే అది మాకు కొత్త కాదు. జనం ఎక్కువైపోయారు అన్న మాట ఈ దేశంలో ఎవరు ఎత్తినా చూపులు మావైపే తిరుగుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ముస్లిం స్త్రీకి సగటున పిల్లలు 1992-93లో 4.4 ఉంటే, 2019-21 నాటికి 2.4కు దిగింది. అన్ని మతాలకంటే ఎక్కువ తగ్గుదల మాదే. లెక్క తగ్గినా చూపు తగ్గలేదు. థానోస్ లెక్కే తీసుకోండి. 2018లో ప్రపంచ జనాభా సుమారు 760 కోట్లు. సగం పోతే 380 కోట్లు. అంటే 1970ల మొదట్లో ఉన్నంత. అంత రక్తపాతం చేసి ఆ మహానుభావుడు లోకాన్ని యాభై ఏళ్లు కూడా వెనక్కి తీసుకుపోలేదు. ఈ చిన్న లెక్క ఎవరూ అడగరు, ఎందుకంటే అతని గొంతు బాగుంది. ఒక్కటి మాత్రం అతని పక్షాన చెప్పాలి. చీటీలో పేరు చూడడు. ధనికుడా పేదా, ఏ దేవుణ్ని మొక్కుతాడు అని అడగడు. పేరు అడిగి చంపే అల్లర్లు చూసిన మాకు ఆ గుడ్డి చిటిక ఒక్క క్షణం న్యాయంగా కూడా అనిపించింది. ఎంత భయంకరమైన అనిపింపు అది!

కాని ముఖం చూడకపోవడం న్యాయం అయితే, ముఖం చూసి ఇట్టే తేల్చేయడం ఏమిటి? దానికీ 'ఐరన్ మ్యాన్'లోనే బొమ్మ ఉంది. గుహనుంచి బయటపడ్డ స్టార్క్ ఇనుప కవచం తొడుక్కుని గుల్మిరా అనే ఊరికి ఎగిరొస్తాడు. ముఠావాళ్లు ఊరివాళ్లను అడ్డం పెట్టుకుని తలలకు తుపాకులు ఆనిస్తారు. అతని శిరస్త్రాణం లోపలి తెర ఒక్క క్షణంలో వీడు పౌరుడు, వీడు శత్రువు అని ముఖాలన్నిటికీ గుర్తులు పెడుతుంది. భుజాలమీదినుంచి తూటాలు బయల్దేరతాయి. గడ్డాలు అటూ ఉన్నాయి ఇటూ ఉన్నాయి, తలపాగాలు అటూ ఉన్నాయి ఇటూ ఉన్నాయి, తూటాలు మాత్రం సరిగ్గా చేరవలసినవాళ్లకే చేరతాయి. హాలు చప్పట్లు కొట్టింది. అన్ని అద్భుతాల్లోకీ మాకు నమ్మడం కష్టమైంది అదే. మనిషి ఎగిరితే నమ్మాం.

హైదరాబాద్‌లో 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చనిపోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకుపోయి కుట్ర కేసులు పెట్టారు. అవి కోర్టులో నిలవలేదు, కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత దర్యాప్తు దిశ మారి హిందుత్వ సంస్థల మనుషుల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలో ప్రత్యేక కోర్టు అయిదుగురు నిందితులను నేరం రుజువు కాలేదని వదిలేసింది. మసీదు వజూ హౌజ్ దగ్గర పోయినవాళ్లను చంపింది ఎవరన్న ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు లేదు. సరిగ్గా పదకొండు రోజులకు 'ఇన్ఫినిటీ వార్' వచ్చింది. తీర్పు వార్త రాసిన చేతులతోనే మేం టిక్కెట్టు కొనుక్కున్నాం. శిరస్త్రాణంలో తెర ఉన్నవాడు ఎవడూ నిజజీవితంలో లేడు. ఉన్నది గడ్డం చూసి గుర్తు పెట్టే కన్ను. ఆ కన్ను తప్పు చేస్తే సినిమాలో లాగా కథ ముందుకు పోదు, ఒక కుర్రాడి బతుకు మధ్యలో ఆగుతుంది.

మరి ఎందుకు చూస్తున్నారు అంటారు మావాళ్లలో కొందరు. మీ టిక్కెట్టు డబ్బుతోనే మిమ్మల్ని గుహలో పెడుతున్నారు కదా అంటారు. ఇంకొందరు, సినిమాను సినిమాలాగా చూడండి భాయ్, ప్రతిదాంట్లో మతం వెతక్కండి అంటారు. ఈ రెండో మాట చెప్పేవాళ్లు ఎక్కువగా, సినిమా ఎప్పుడూ తమతోనే మాట్లాడుతుందన్న ధీమా ఉన్నవాళ్లు. మొదటి మాట చెప్పేవాళ్లకు మా జవాబు ఒకటే. మేం లేచి వెళ్లిపోతే హాల్లో మేం లేమన్న వాళ్ల ఊహ నిజమవుతుంది. మేం కూచుంటాం. ఈల వేయవలసినచోట వేస్తాం. చెవులు తెరిచే ఉంచుతాం.

ఈల సంగతి సరే, కన్నీళ్ల సంగతి? 'ఎండ్‌గేమ్' చివర్లో స్టార్క్ లోకాన్ని కాపాడి చనిపోతాడు. హాల్లో ఏడవనివాళ్లు తక్కువ. మేమూ ఏడ్చాం. ఎవరికోసం? గుండ్లు అమ్మి కోట్లు గడించినవాడికోసం. తన కంపెనీ పేరున్న ఆయుధాలు ఆ గుహలో చూశాక అతను ఆయుధాల తయారీ ఆపేశాడు. అది తౌబా. తౌబా తలుపు ఊపిరి ఆగేదాకా తెరిచే ఉంటుందని మా పెద్దలు చెప్పారు. కనుక ఆ కన్నీటికి మేం సిగ్గుపడం. అయితే ఆ పెద్దలే ఇంకోటి కూడా చెప్పారు. తప్పులు రెండు రకాలు. అల్లాకు చెల్లవలసినవి కొన్ని, మనుషులకు చెల్లవలసినవి కొన్ని. రెండోదాన్ని హుకూకుల్ ఇబాద్ అంటారు. మొదటిది అల్లా మాఫ్ చేస్తాడు. రెండోది ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషి మాఫ్ చేయాలి. నమాజులు, రోజాలు, హజ్‌లు ఎన్నున్నా ఆ బాకీకి జమ కావు. మేం చదివిన నీతిశాస్త్రాల్లో ఇంత కచ్చితమైన మాట ఎక్కువ చోట్ల కనపడలేదు.

ఈ మాట అడిగే గొంతులు ఆ సినిమాల్లో లేకపోలేదు. 2016లో వచ్చిన 'సివిల్ వార్'లో ఒక నల్లజాతి తల్లి స్టార్క్‌ను లిఫ్టు దగ్గర నిలేస్తుంది. మీరు లోకాన్ని కాపాడిన చోట నా కొడుకు చచ్చిపోయాడు, వాడికి బదులు ఎవరు తీర్చుకుంటారు అన్నట్టు అడుగుతుంది. ఆ కొడుకు పోయింది సొకోవియా అనే దేశంలో. భూపటంలో లేని దేశం, రచయితలు కల్పించుకున్నది. అక్కడే పుట్టిన వాండా అనే అమ్మాయి తల్లిదండ్రులు స్టార్క్ కంపెనీ గుండు పడి చనిపోయారు. ఆమెకు కోపం తెచ్చుకునే హక్కిచ్చారు, తర్వాత జట్టులో చోటిచ్చారు. బాగుంది. కల్పించిన దేశం వాళ్లకు కోపం, దుఃఖం, క్షమ అన్నీ దొరికాయి. భూపటంలో ఉన్న అఫ్గానిస్తాన్‌కు గుహ దొరికింది. అక్కడ ఒకే ఒక్క మంచివాడు యిన్సెన్, గుల్మిరా మనిషి, స్టార్క్ గుండెను నిలబెట్టిన డాక్టరు. అతని మతం ఏమిటో సినిమా చెప్పదు. ఇంటికెళ్లి భార్యాపిల్లల్ని చూస్తానంటాడు. వాళ్లు ఎప్పుడో పోయారని అతను చనిపోయేటప్పుడు తెలుస్తుంది. ఈ ప్రాణం వృథా చేసుకోకు అని స్టార్క్‌కు చెప్పి కన్నుమూస్తాడు. తనవాళ్ల తరఫున మాఫ్ చేశాడా లేదా? ఆ సంగతి స్టార్క్ అడగలేదు.

మాలో మయ్యత్‌ను ఖబరస్తాన్‌కు తీసుకుపోయేముందు, జనాజా నమాజుకు వరసలు కట్టాక, ఇంటి పెద్దకొడుకో తమ్ముడో ముందుకొచ్చి నిలబడతాడు. మా అబ్బాజాన్ మీలో ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, నేను తీరుస్తాను, ఎవర్నైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి అని అందరికీ వినపడేటట్టు అడుగుతాడు. వరసలు నిశ్శబ్దంగా ఉంటాయి. ఒక్కోసారి వెనకనుంచి ఎవరో ఒక ముసలాయన, మాఫ్ కియా అంటాడు. ఆ తర్వాతే తక్బీర్.

స్టార్క్ అంత్యక్రియలు ఒక చెరువు ఒడ్డున జరుగుతాయి. అతని పాత యంత్రహృదయం పూలమధ్య పెట్టి నీళ్లలో వదులుతారు. కెమెరా మెల్లగా వెనక్కి పోతూ నల్లబట్టల్లో నిలబడ్డ ఒక్కొక్క ముఖాన్నీ చూపిస్తుంది. భార్య, కూతురు, మిత్రులు, దేవుడు, మాంత్రికుడు, వకాండా రాజు, సొకోవియా అమ్మాయి. చెట్టు కూడా ఉంది. 22 సినిమాల మనుషులు వచ్చారు. మేం ఆ వరసలో గుల్మిరా వాళ్లకోసం చూశాం. కెమెరా ఇల్లు దాటింది, చెట్లు దాటింది, ఎవరూ ఏమీ అడగలేదు. హాల్లో ముక్కులు చీదుకుంటున్న చప్పుడు వినపడింది. మా కుర్చీలో మేమూ ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాం.